సి డ్రైవ్ ఎర్రబడితే రీస్టోర్ పాయింట్లు తీసేయాలా? ముందు కొలిచి, తర్వాత హద్దు పెట్టే పద్ధతి

"అన్నా, సి డ్రైవ్ ఎర్రగా అయిపోయింది. రీస్టోర్ పాయింట్లే జాగా అంతా తింటాండాయంట, తీసేయమంటావా?"

రీస్టోర్ పాయింట్ అంటే, ఏదైనా తేడా వస్తే విండోస్‌ను వెనక్కి, బాగున్న స్థితికి తేవడానికి వేసుకునే గుర్తు. అనంతపురంలో నా సర్వీసు కౌంటర్‌కు ఈ ప్రశ్న రాని వారం లేదు. క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపువాళ్లు అడుగుతారు. కడప నుంచి ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు ఫోన్ చేస్తారు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి లెక్కలు రాసే గుమాస్తాలు అడుగుతారు. సగం మందైతే అడిగేలోపే, ఎవరో చెప్పారని అన్నీ తీసేసి ఉంటారు. ఆ తర్వాత ఏదో డ్రైవర్ అప్‌డేట్ వచ్చి ప్రింటర్ పనిచేయదు, వెనక్కి వెళ్దామంటే ఒక్క పాయింట్ కూడా మిగలదు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

నేను అందరికీ చెప్పేది ఒకటే. తీసేయడం ఆఖరి పని. ముందు కొలవండి, తర్వాత హద్దు పెట్టండి. ఇరవై నిమిషాల పని, ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కర్లేదు. కింద రాసినది విండోస్ 10, 11 రెండింటికీ వర్తిస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినా, మన షాపుల్లో ఇంకా అదే ఎక్కువగా నడుస్తోంది కాబట్టి దాన్నీ కలిపే రాస్తున్నాను.

ఒక్క విషయం అర్థమైతే చాలు

రీస్టోర్ పాయింట్ వేసిన క్షణంలో అది పెద్దగా జాగా తీసుకోదు. సి డ్రైవ్ మొత్తాన్ని కాపీ చేసి పెట్టుకోదు. కిరాణా కొట్టు పద్దుల పుస్తకంలో ఒక పేజీ కొట్టేసి కొత్తగా రాయబోయే ముందు, ఆ పాత పేజీని ఇంకో పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నట్టు ఉంటుంది దాని పని. మార్చని పేజీ జోలికి అసలు పోదు. విండోస్‌లో ఆ పేజీ 16 కేబీల ముక్క. పాయింట్ వేసిన తర్వాత అప్‌డేట్లు, కొత్త ప్రోగ్రామ్‌లు వచ్చి ఎన్ని ముక్కలు మారితే, అన్ని పాత ముక్కలు పక్కన చేరతాయి.

అందుకే ఐదు పాయింట్లున్న కంప్యూటర్‌లో 1 జీబీ, ఒక్క పాయింటే ఉన్న కంప్యూటర్‌లో 8 జీబీ కూడా ఉండొచ్చు. లెక్క పాయింట్ల సంఖ్యలో లేదు, పాయింట్ వేశాక జరిగిన మార్పుల్లో ఉంది.

ఈ పాత ముక్కలన్నీ ప్రతి డ్రైవ్ మొదట్లో ఉండే సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. సి డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే 95 జీబీ, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి చూస్తే 108 జీబీ అని రావడానికి ఒక కారణం ఇదే. తేడా వచ్చింది కదా అని వైరస్ అనుకోకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అడ్మినిస్ట్రేటర్ అకౌంట్, దాని పాస్‌వర్డ్.
- ల్యాప్‌టాప్ అయితే చార్జర్, డెస్క్‌టాప్ అయితే పనిచేసే యూపీఎస్. మన ఎండాకాలం కరెంటు సంగతి మీకు తెలిసిందే.
- ముఖ్యమైన ఫైళ్ల కాపీ వేరే పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో.
- డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ, కాగితం మీద రాసి. విండోస్ తెరుచుకోనప్పుడు రికవరీ స్క్రీన్ నుంచి రీస్టోర్ చేయాలంటే దీన్ని అడగవచ్చు.
- ఒక నోటు పుస్తకం, పెన్ను. ముందు, తర్వాత అంకెలు రాసుకోవడానికి. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.

చేయాల్సిన పని, వరుసగా

1. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కండి. మొత్తం ఎంత, ఖాళీ ఎంత రాసుకోండి. 256 జీబీ ఎస్ఎస్‌డీ అని కొన్నది 238 అని, 128ది 119 అని కనిపిస్తుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది.

2. స్టార్ట్ నొక్కి క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, వచ్చినదాన్ని తెరవండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్ వస్తుంది. సెర్చ్ పనిచేయకపోతే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎస్ వై ఎస్ డి ఎం చుక్క సి పి ఎల్ అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ చేయండి. అందులోనూ అదే ట్యాబ్ ఉంటుంది.

3. అక్కడ డ్రైవ్‌ల పేర్లు, పక్కన ఆన్ లేదా ఆఫ్ ఉంటాయి. ఇక్కడే చాలామంది ఆశ్చర్యపోతారు. కొత్త కంప్యూటర్లలో చాలాసార్లు సి డ్రైవ్‌కే ఆఫ్ అని ఉంటుంది. మీది ఆఫ్ అయితే, ఇన్నాళ్లూ రీస్టోర్ పాయింట్ల మీద వేసిన నింద తప్పే. వెంటనే 6వ మెట్టుకు వెళ్లి ఆన్ చేసుకోండి.

4. ఆన్ అయి ఉంటే సి డ్రైవ్ సెలెక్ట్ చేసి కాన్ఫిగర్ నొక్కండి. కరెంట్ యూసేజ్ అంటే ఇప్పటికి వాడుకున్నది. దాని కింద మ్యాక్స్ యూసేజ్ అనే జారుడు బటన్ ఉంటుంది. ఇంతకు మించి పోవద్దని మీరు పెట్టే హద్దు అది. రెండూ రాసుకోండి. ఇంకా ఏమీ కదపొద్దు.

5. ఇప్పుడు అదే సంగతిని ఇంకో దారిలో చూసుకుందాం. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి. నల్ల తెరలో ఇంగ్లిష్ అక్షరాల్లో వి ఎస్ ఎస్ అడ్మిన్ అని మొత్తం కలిపి ఒకే మాటగా కొట్టండి. ఒక ఖాళీ వదిలి లిస్ట్, మళ్లీ ఒక ఖాళీ వదిలి షాడోస్టోరేజ్ అని కలిపి కొట్టి ఎంటర్ చేయండి.

వచ్చినవాటిలో మూడు వరుసలు చూడండి. యూస్డ్ అంటే పాత ముక్కలు నిజంగా నిండిన మేర. అలొకేటెడ్ అంటే వాటికోసం డిస్క్‌లో పక్కకు తీసిపెట్టిన జాగా. మ్యాగ్జిమం అంటే హద్దు. ఉదాహరణకు యూస్డ్ 4.2, అలొకేటెడ్ 4.6, మ్యాగ్జిమం 5.9 జీబీ అని వచ్చిందనుకోండి. మీకు ఇప్పుడు తగ్గిన ఖాళీ 4.6 జీబీ. 4.2 కాదు, 5.9 కూడా కాదు. మ్యాగ్జిమం చూసి "ఇంత జాగా పోయింది" అని కంగారు పడేవాళ్లు చాలామంది. హద్దు అంటే హద్దే, అది ఖర్చు కాదు.

యాక్సెస్ లేదని, పర్మిషన్ లేదని వస్తే రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ మర్చిపోయారన్నమాట. మూసి మళ్లీ తెరవండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీ నోటు పుస్తకం చూడండి. అలొకేటెడ్ 4 జీబీ ఉండి, సి డ్రైవ్‌లో లెక్క తెలియకుండా పోయినది 60 జీబీ అయితే దొంగ వేరే చోట ఉన్నాడు. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ వరుసగా తెరిచి చూడండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, టెంపరరీ ఫైల్స్, కంప్యూటర్‌లోని వాట్సాప్‌లో పేరుకున్న వీడియోలు, పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత మిగిలిన పాత విండోస్ ఫోల్డర్, హైబర్నేషన్ ఫైలు (కంప్యూటర్ హైబర్నేట్ అయ్యేటప్పుడు తెరిచి ఉన్నవన్నీ దాచుకునేది), ఇవి సాధారణంగా దొరికే దొంగలు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువసార్లు జరిగేది ఇదే. రీస్టోర్ పాయింట్లకు చెడ్డపేరు వస్తుంది, జాగా మాత్రం డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది.

6. హద్దు పెట్టండి. కాన్ఫిగర్‌లో టర్న్ ఆన్ సిస్టమ్ ప్రొటెక్షన్ సెలెక్ట్ అయి ఉండాలి. బటన్ జరిపేకొద్దీ శాతం, జీబీ రెండూ కనిపిస్తాయి. నేను పెట్టే అంకెలు ఇవి: 128 జీబీ డిస్క్‌కు 5 శాతం, అంటే సుమారు 6 జీబీ. 256కు 4 శాతం, అంటే 9 జీబీ పైచిలుకు. 512కు 2 శాతం, అంటే 10 జీబీకి కాస్త తక్కువ, చాలు. 1 టీబీ ఉన్నా 10 నుంచి 15 జీబీకి మించి పెట్టను. ఒక శాతమే పెట్టి వదిలేస్తే చిన్న డిస్క్‌లో ఒక పెద్ద అప్‌డేట్‌కే నిండిపోయి, పాత పాయింట్లు రాలిపోతాయి. అప్లై, ఓకే నొక్కండి.

హెచ్చరిక: ఇప్పటికే వాడినదానికంటే తక్కువకు హద్దు దించితే, సరిపోయేదాకా విండోస్ పాత పాయింట్లను తీసేస్తుంది. ఒక్కోసారి ఏమీ మిగలకపోవచ్చు. అవి తిరిగి రావు. దించక తప్పకపోతే, దించిన వెంటనే 8వ మెట్టు చేయండి.

7. డి డ్రైవ్ ఆన్ అని ఉంటే కాస్త ఆలోచించండి. కడపలో ఒక ఫ్లెక్సీ షాపు కంప్యూటర్ చూశాను. డి డ్రైవ్‌లో సగం ఖాళీ ఉండాలి, కానీ లేదు. ఎవరో మంచి ఉద్దేశంతోనే డి డ్రైవ్‌కూ ప్రొటెక్షన్ ఆన్ చేసి, హద్దును బాగా పైకి జరిపి పెట్టారు. వాళ్లు రోజంతా పెద్ద పెద్ద ఫొటోషాప్ ఫైళ్లు తెరవడం, ముఖం మార్చడం, పేరు మార్చడం, సేవ్ చేయడం. సేవ్ కొట్టిన ప్రతిసారీ మారిన ముక్కల పాత రూపం పక్కన చేరుతూ వచ్చింది. విండోస్ సి డ్రైవ్‌లో ఉన్నప్పుడు, ప్రింటర్ పోయిందనో స్క్రీన్ పోయిందనో వెనక్కి వెళ్లడానికి డి డ్రైవ్ పాయింట్లు పనికిరావు. ప్రోగ్రామ్‌లు డి లో ఇన్‌స్టాల్ చేసి ఉంటే తప్ప దాన్ని ఆఫ్‌లో ఉంచడమే మంచిది. కాన్ఫిగర్‌లో డిసేబుల్ సెలెక్ట్ చేసి అప్లై చేస్తే, ఆ డ్రైవ్ పాయింట్లన్నీ పోయి జాగా ఖాళీ అవుతుంది. డిజైన్ ఫైళ్లు అలాగే ఉంటాయి, భయపడకండి. ఒకటి మాత్రం చూసుకోండి. ఫైలు ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వర్షన్స్ ట్యాబ్ నుంచి పాత కాపీలు తీసుకునే అలవాటు మీకుంటే, ఆఫ్ చేయగానే ఈ పాయింట్ల నుంచి వచ్చేవి పోతాయి. కావాల్సినవి ముందే బయటకు తీసుకోండి.

8. మంచి స్థితిలో ఉన్నప్పుడే ఒక పాయింట్ వేయండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్‌లో కింద క్రియేట్ నొక్కి పేరు ఇవ్వండి. టెస్ట్, ఏబీసీ లాంటి పేర్లు వద్దు. "కొత్త ప్రింటర్ డ్రైవర్‌కు ముందు" అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే మూడు వారాల తర్వాత కూడా అర్థమవుతుంది. తేదీ అదే వేసుకుంటుంది. విజయవంతంగా తయారైందనే సందేశం వచ్చేదాకా ఆ విండో మూయొద్దు.

9. నిజంగానే జాగా చాలక, పాయింట్లు తీయక తప్పదంటే మూడు దారులున్నాయి. నష్టం తక్కువ ఉన్నదాని నుంచి చెబుతున్నాను.

మొదటిది, అన్నిటికంటే పాతది ఒక్కటే తీయడం. 5వ మెట్టులోని నల్ల తెరలోనే వి ఎస్ ఎస్ అడ్మిన్, ఖాళీ, డిలీట్, ఖాళీ, షాడోస్, ఖాళీ, వాలు గీత ఫర్ ఈక్వల్ సి కోలన్, ఖాళీ, వాలు గీత ఓల్డెస్ట్ అని కొట్టాలి. వాలు గీత అంటే ప్రశ్న గుర్తు ఉన్న కీ మీదిది. ఫర్ నుంచి కోలన్ దాకా మధ్యలో ఖాళీ ఉండకూడదు. నిజంగా తీయమంటారా అని అడుగుతుంది, వై నొక్కాలి. ఓల్డెస్ట్ అనే చివరి మాట మర్చిపోవద్దు.

రెండోది, చివరిది ఉంచి మిగతావన్నీ తీయడం. స్టార్ట్‌లో డిస్క్ క్లీనప్ తెరిచి, సి డ్రైవ్ ఎంచుకుని, క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కండి. మళ్లీ తెరుచుకున్నాక మోర్ ఆప్షన్స్ ట్యాబ్ వస్తుంది. అందులో కింద, సిస్టమ్ రీస్టోర్ దగ్గరున్న క్లీన్ అప్ నొక్కాలి. చాలామందికి నేను ఇదే చెబుతాను, ఎందుకంటే టైపింగ్ తప్పులకు తావు లేదు.

మూడోది, కాన్ఫిగర్‌లోని డిలీట్ బటన్. ఆ డ్రైవ్ మీద ఒక్కటి కూడా మిగలదు. ఇది నొక్కితే, లేవకముందే 8వ మెట్టు చేసి ఒక కొత్త పాయింట్ వేయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేయడానికి పర్మిషన్లు మార్చడం. దయచేసి చేయొద్దు. అందులో రీస్టోర్ పాయింట్లే కాదు, విండోస్‌కు కావాల్సిన ఇతర ఫైళ్లూ ఉంటాయి. బయట నుంచి చూస్తే దాని సైజు సున్నా అని కనిపిస్తుంది. అది నిజం కాదు, చూసే అనుమతి మీకు లేదంతే.

రీస్టోర్ పాయింట్ ఉంది కదా అని లెక్కల డేటాకు కాపీ తీసుకోకపోవడం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే తప్పు. రీస్టోర్ పాయింట్ విండోస్‌ను, డ్రైవర్లను, ప్రోగ్రామ్‌లను వెనక్కి తెస్తుంది. పొరపాటున చెరిపేసిన ట్యాలీ డేటా, పిల్లల ఫొటోలు తేదు. డిస్క్ చెడిపోతే పాయింట్లూ దానితోనే పోతాయి, ఎందుకంటే అవి ఉన్నది అదే డిస్క్‌లో. ఫైళ్లను తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ చాలాసార్లు ముందుగా చెరిపేసేది కూడా వీటినే. సీజన్‌లో రోజూ సాయంత్రం యార్డు లెక్కలు పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకుని, ఆ పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టండి.

సి డ్రైవ్‌ను పూర్తిగా నిండనివ్వడం. పాత ముక్కలు దాచడానికి జాగా దొరకకపోతే విండోస్ ఉన్న పాయింట్లను వదిలేస్తుంది. అంటే డిస్క్ బాగా నిండి, కంప్యూటర్ మొరాయించే రోజుకే అవి లేకుండా పోతాయి. అందుకే రీస్టోర్ హద్దు కాకుండా, అదనంగా కనీసం 15 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచమంటాను.

ప్రోగ్రామ్ వేసిన ప్రతిసారీ పాయింట్ దానంతట అదే పడుతుందని నమ్మడం. గడిచిన 24 గంటల్లో ఒకటి ఉంటే విండోస్ సాధారణంగా ఇంకోటి వేయదు. ముఖ్యమైన పనికి ముందు మీరే క్రియేట్ నొక్కాలి.

పాయింట్లు మాయమైతే హ్యాక్ అయిందని భయపడటం. హద్దు నిండి పాతవి పోయి ఉండొచ్చు. విండోస్ పెద్ద వర్షన్ అప్‌గ్రేడ్ జరిగి ఉండొచ్చు. ఏదైనా క్లీనర్ సాఫ్ట్‌వేర్ తీసేసి ఉండొచ్చు. గడువు కూడా ఉంది. విండోస్ 11లోని 24హెచ్2 వర్షన్‌లో, 2025 జూన్ అప్‌డేట్ తర్వాత పాయింట్లను 60 రోజుల వరకే ఉంచుతుంది. ఉగాదికి వేసిన పాయింట్ వినాయక చవితికి వెతికితే ఉండదు.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోండి

కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేసి, 5వ మెట్టులోని కమాండ్ మళ్లీ కొట్టండి. మ్యాగ్జిమం దగ్గర మీరు పెట్టిన అంకె దాదాపు అలాగే రావాలి. పాతవన్నీ తీసి ఒక్క కొత్త పాయింట్ వేసి ఉంటే యూస్డ్ చాలా తక్కువగా ఉంటుంది. ఆ అంకె రాసి పెట్టుకోండి. తర్వాతి నెల విండోస్ అప్‌డేట్ పడ్డాక మళ్లీ కొట్టి చూడండి. పాయింట్ అదే, అంకె మాత్రం పెరిగి ఉంటుంది. ఇది మీ కళ్లతో ఒకసారి చూస్తే, ఇంకెప్పుడూ పాయింట్లు లెక్కపెట్టి జాగా అంచనా వేయరు.

సి డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ఖాళీ, 1వ మెట్టులో రాసుకున్న అంకె, రెండూ పోల్చండి. పాయింట్లు తీసేసి ఉంటే, పెరిగిన ఖాళీ సుమారుగా తగ్గిన అలొకేటెడ్ అంత ఉండాలి. సరిగ్గా సమానం కాకపోయినా ఫరవాలేదు, మధ్యలో విండోస్ తన పనులు తాను చేసుకుంటూ ఉంటుంది.

చివరిగా, వేసిన పాయింట్ నిజంగా ఉందో లేదో చూడండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్‌లో సిస్టమ్ రీస్టోర్ బటన్ నొక్కి నెక్స్ట్ కొట్టండి. మీ పాయింట్ లేకపోతే షో మోర్ రీస్టోర్ పాయింట్స్ టిక్ చేయండి. దాన్ని సెలెక్ట్ చేసి స్కాన్ ఫర్ ఎఫెక్టెడ్ ప్రోగ్రామ్స్ నొక్కండి. వెనక్కి వెళ్తే ఏ ప్రోగ్రామ్‌లు పోతాయో, ఏవి తిరిగి వస్తాయో చూపిస్తుంది. డీటీపీ చేసేవాళ్లు ఈ జాబితా ప్రత్యేకంగా చూడండి. పాయింట్ వేశాక తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే అది పోయేవాటిలో కనిపిస్తుంది. దాని ఇన్‌స్టాలర్ దగ్గర ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, పెళ్లి కార్డుల సీజన్‌లో వెతుక్కోవడం కష్టం. చూడటం అయ్యాక క్యాన్సిల్ కొట్టి బయటకు రండి, ఏమీ మారదు.

నిజంగా రీస్టోర్ చేసే రోజు వస్తే, ఫినిష్ నొక్కే ముందు యూపీఎస్ బ్యాటరీ ఒకసారి చూసుకోండి. మొదలయ్యాక మధ్యలో ఆపకూడదు. గంట పట్టినా తెర కదలడం లేదని పవర్ బటన్ నొక్కొద్దు. ఫలితం నచ్చకపోతే, మామూలు విండోస్ నుంచి చేసిన రీస్టోర్‌ను అదే చోట అన్‌డూ చేయొచ్చు. సేఫ్ మోడ్ నుంచో రికవరీ స్క్రీన్ నుంచో చేసినదానికి ఆ వీలు లేదు. కాబట్టి విండోస్ తెరుచుకుంటున్నంత వరకు లోపలి నుంచే చేయండి.